ఆదాయపు పన్ను రిటర్నులు – దాఖలుకు ముందు ఉద్యోగులు, పింఛనుదారులు గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

పన్ను చెల్లించనవసరం లేనివారు రిటర్ను దాఖలు చేయనవసరం లేదన్న అభిప్రాయం ఉద్యోగులలో, పింఛనుదారులలో విస్తృతంగా ఉన్నది. ఇది సరికాదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి నూతన పన్ను విధానం క్రింద 12 లక్షల రూపాయల వరకు పన్ను విధింపదగిన ఆదాయంపై రిబేటు లభించినప్పటికీ, ఆదాయం 4 లక్షల రూపాయలు మించినవారు రిటర్ను దాఖలు చేయవలసియున్నది. వాటాల విక్రయ లాభాల వంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి ఈ రిబేటు వర్తించదు. 2025 ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ కాగా, 2025-26 సంవత్సరపు ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది.

సరిచూసుకొనవలసిన పత్రాలు

యజమాని ఇచ్చే ఫారం-16, బ్యాంకు వడ్డీ ధ్రువపత్రాలు, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోని ఫారం 26-ఏఎస్, వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్)లను ముందుగా సిద్ధపరచుకొని, ఒకదానితో ఒకటి సరిచూసుకొనవలెను. వేతనం నుండి మినహాయించిన పన్ను 26-ఏఎస్‌లో కనిపించనియెడల, డ్రాయింగ్ అధికారి సమర్పించిన త్రైమాసిక టీడీఎస్ వివరణలో పాన్ నెంబరు తప్పుగా నమోదై ఉండవచ్చును. దానిని ఆ అధికారి ద్వారానే సవరింపజేసుకొనవలెను. ఫిక్స్‌డ్ డిపాజిట్లపై వడ్డీని విస్మరించరాదు. ఆ వివరం ఏఐఎస్ ద్వారా శాఖకు చేరుతుంది.

పన్ను విధానం ఎంపిక

నూతన విధానంలో వేతన, పింఛనుదారులకు 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు కలదు. సీపీఎస్ ఖాతాకు ప్రభుత్వం జమచేసే వాటాకు సైతం నిర్ణీత పరిమితిలో మినహాయింపు కలదు. 80-సి పొదుపులు, ఇంటి అద్దె భత్యం, స్వంత నివాస గృహ రుణంపై వడ్డీ వంటి మినహాయింపులు కోరువారు పాత విధానాన్ని ఎంచుకొనవలెను. గడువులోగా దాఖలు చేసినప్పుడే ఈ అవకాశం లభిస్తుంది. రెండు విధానాలలోను లెక్కించి చూచుకొనుట శ్రేయస్కరం.

బకాయిలు పొందినవారు

వేతన సవరణ లేక కరువు భత్యం బకాయిలు ఒకేసారి అందినప్పుడు పన్ను భారం పెరుగుతుంది. బకాయిలను సంబంధిత సంవత్సరాలకు విభజించి లెక్కించి, 89వ సెక్షన్ క్రింద ఊరట పొందవచ్చును. అయితే, రిటర్నుకు ముందే ఫారం 10-ఇ ఆన్‌లైన్‌లో సమర్పించవలెను. లేనియెడల ఊరట తిరస్కరింపబడుతుంది.

మధ్యవర్తులతో జాగ్రత్త

కమీషనుపై అధిక రిఫండు ఇప్పించెదమను వారి మాటలు నమ్మి, చెల్లించని బీమా ప్రీమియంలు, ఇవ్వని విరాళాలు చూపరాదు. ఇటువంటి క్లెయిములపై ఆదాయపు పన్ను శాఖ 2025 జూలైలో దేశవ్యాప్తంగా తనిఖీలు జరిపినది. తప్పుడు సమాచారమని తేలినచో సంబంధిత పన్నుకు రెండింతలు జరిమానా విధింపవచ్చును. రిటర్ను ఎవరు నింపినను బాధ్యత పన్ను చెల్లింపుదారునిదే.

గడువు, ధ్రువీకరణ

వేతన, పింఛనుదారులకు సాధారణ గడువు జూలై 31. అటుపిమ్మట డిసెంబరు 31 వరకు ఆలస్య రుసుముతో దాఖలు చేయవచ్చును. మొత్తం ఆదాయం 5 లక్షల వరకు రుసుము 1,000 రూపాయలు, ఆపైన 5,000 రూపాయలు. దాఖలు చేసిన 30 రోజులలోగా ఆధార్ ఓటీపీ వంటి పద్ధతిలో ధ్రువీకరింపని రిటర్ను సకాలంలో దాఖలైనట్లు పరిగణింపబడదు. రిఫండు జమ కావలసిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందుగానే ధ్రువీకరించుకొనవలెను.