చిత్తవైకల్యం – ఇంటిలో జీవిత భాగస్వామి సంరక్షణ

డిమెన్షియా అనబడే చిత్తవైకల్యం వృద్ధాప్యపు సహజమైన మతిమరుపు కాదు. మెదడుకు సోకే వ్యాధుల ఫలితం. దీనికి ముఖ్య కారణమైన వ్యాధిని జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వివరించారు. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏండ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మందికి ఇది ఉన్నది. సంరక్షణ భారం ఎక్కువగా ఇంటివారిదే. వృద్ధ దంపతులలో ఒకరికి మరొకరే దిక్కు.

ఆరణి, తిరుత్తణి ప్రాంతాల తెలుగు కుటుంబాలు భాషను ప్రత్యేకించి గమనించవలెను. వ్యాధి ముదిరేకొద్దీ తరువాత నేర్చిన తమిళం సడలి, రోగి మాతృభాషకు మరలడం కద్దు. తమిళంలో జరిపిన జ్ఞాపకశక్తి పరీక్షలో తడబడినంత మాత్రాన తీవ్రతను నిర్ణయించరాదు. ఇంటి భాష తెలుగని భార్య లేక భర్త వైద్యునికి ముందే తెలుపవలెను. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా మతిమరుపు కలిగించును. వీటికి చికిత్స ఉన్నది.

చిన్న మాటలతో, ఒకసారికి ఒకే ప్రశ్న అడుగవలెను. స్నానభోజనాలు నిత్యం ఒకే వేళకు జరుపవలెను. భోంచేసిన వెంటనే “అన్నం పెట్టలేదు” అన్నచో వాదింపక, కొంచెం మజ్జిగ ఇచ్చి మాట మరల్చవలెను. గ్యాస్ సిలిండరు కట్టివేసి, మందులు తాళం వేసి ఉంచవలెను. జేబులో ఫోన్ నంబరు గల చీటీ ఉంచవలెను. హఠాత్తుగా కలవరం పెరిగినచో మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటిది కారణం కావచ్చును; ఆలస్యం చేయరాదు.

సంరక్షకులకూ విశ్రాంతి అవసరం. బిడ్డలు, బంధువులు వారానికి ఒక పూటైనా బాధ్యత స్వీకరింపవలెను. వృద్ధుల సహాయవాణి 14567, మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 ఉచితం.