కడిపికొండ నుంచి కచ్చులూరుకు

మా రఘునాథపల్లి మీదుగా పోయే రైలు ఘన్‌పూర్ దాటి కాజీపేట చేరుతుంది. కాజీపేటకు ఆనుకునే కడిపికొండ. 2019 సెప్టెంబరులో ఆ ఊరి నుంచి పద్నాలుగు మంది కలిసి పాపికొండలు చూడబోయారు. ఐదుగురే తిరిగొచ్చారు.

మాది నిలిచిన నీళ్ల సీమ. వ్యవసాయ బావి, చెరువు, వానాకాలం నిండే కుంట, ఇవే మాకు తెలిసిన నీళ్లు. వీటిలో మునిగి పోయినవాళ్లూ లేకపోలేదు. కానీ ఈ నీళ్లు మనిషిని లాక్కుపోవు. బావిలో ఒక దరి నుంచి ఇంకో దరికి ఈదగలిగితే చాలు, వాడికి ఈత వచ్చినట్టే. గోదావరి దగ్గర ఆ లెక్క పనికిరాదు. నిండు వరదలో, కొండల నడుమ ఇరుకున దూసుకుపోయే నదిలో, మా బావుల్లో ఆరితేరిన ఈతగాడు కూడా మొదటిసారి నీళ్లలో దిగిన పసివాడితో సమానం. ఈ మాట వాళ్లకు చెప్పాల్సినవాళ్లు ఆ రోజు రేవులో ఉండాల్సింది. నా దుఃఖమంతా అక్కడే ఉంది.

సెప్టెంబరు 15, ఆదివారం. అప్పటి తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలంలోని గండి పోశమ్మ గుడి దగ్గర యాత్రికులు రాయల్ వశిష్ఠ అనే బోటు ఎక్కారు. రెండంతస్తుల బోటు, కింద ఏసీ గది. హైదరాబాదు వాళ్లు, విశాఖ వాళ్లు, రాయలసీమ వాళ్లు, మా కడిపికొండ వాళ్లు, సిబ్బంది, అంతా కలిపి డెబ్బై ఏడుగురని తర్వాత లెక్క తేలింది. వాళ్లలో పసిపిల్లలున్నారు, పెద్దవయసు వాళ్లున్నారు. గోదావరిలో ఆ రోజు పారుతున్న వరద సుమారు ఐదు లక్షల క్యూసెక్కులు. ఒక్క క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఐదు లక్షల ఘనపుటడుగులు సెకను సెకనుకూ ఎదురొస్తుంటే బోటు ఆ ప్రవాహానికి ఎదురీది ఎగువకు పోతోంది.

పాపికొండల దగ్గర గోదావరి ఒళ్లు దగ్గరికి తీసుకుంటుంది. వెడల్పు తగ్గిన చోట లోతు పెరుగుతుంది, వడి పెరుగుతుంది. కచ్చులూరు దగ్గర నది మలుపు తిరుగుతుంది. అడుగున బండలు, పైన సుడులు. అక్కడివాళ్లు ఆ చోటును కచ్చులూరు మందం అంటారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బోటు అక్కడికి చేరింది. ఒక కుదుపుకు బోటు ఒరిగిందని, జనం అంతా ఒకే పక్కకు జారిపోయారని, ఆ బరువుకు తిరగబడిందని బయటపడినవాళ్లు చెప్పారు. ఉక్కపోస్తున్నదని లైఫ్ జాకెట్లు విప్పేసినవాళ్లు ఉన్నారనీ చెప్పారు. ఎండపూట, ఫలహారం అయ్యాక, పాటల మధ్య, గట్టిగా బిగుసుకునే ఆ జాకెట్టును ఎవరు మాత్రం ఎంతసేపు వేసుకుంటారు? తియ్యొద్దని పట్టుబట్టే మనిషి పక్కనే నిలబడితే తప్ప.

దగ్గరలోని తూటుగుంట ఊరి గిరిజనులు ఇది చూశారు. ఇంజను పడవలు తీసుకుని వరదలోకి వచ్చారు, చేతికి అందినవాళ్లను అందినట్టు లాగారు. ఇరవై ఆరుగురు బతికారు. ఆ బతికిన ప్రతి ఒక్కరి వెనకా ఆ నది తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. కింది ఏసీ గదిలో ఉన్నవాళ్లకు తలుపు దొరకలేదు. బోటు వాళ్లతోనే అడుక్కు పోయింది.

మా పల్లెల్లో బావిలో ఈత నేర్పే పద్ధతి ఒకటుంది. నడుముకు తాడు కడతారు, వీపుకు ఎండిన సొరకాయ బుర్రో బెండో కడతారు. ముందు మెట్ల మీద నిలబెడతారు. తాడు కొస పట్టుకున్న చిన్నాయనో మామో పిల్లవాడి మొహం చూస్తాడు, ఊపిరి చూస్తాడు, కాళ్లాడే తీరు చూస్తాడు. “ఇంక నేను గడ్డ మీది నుంచి దుంకుతా” అని పిల్లవాడు ఎంత ఎగిరినా, “ఇయ్యాల వద్దు బిడ్డా” అంటే ఇక ఆ రోజుకు అంతే. దుంకే హక్కు ఈత వచ్చినవాడిది కాదు, ఆ నీళ్లు తెలిసినవాడు ఇచ్చేది.

సముద్రంలో మునక నేర్పేవాళ్ల శాస్త్రం కూడా ఇదే చెబుతుంది, కాకపోతే కొలతలతో. కొత్తగా నేర్చినవాడికి పద్దెనిమిది మీటర్ల లోతే హద్దు. సరదాకు మునిగేవాళ్లలో ఎంత నేర్చినవాడైనా నలభై మీటర్లు దాటకూడదన్నది నియమం. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి మీద పడుతుంది. ముప్పై మీటర్లు దాటితే గాలిలోని నత్రజనే మత్తెక్కించి తెలివిని మందగింపజేస్తుంది. తొందరపడి పైకొస్తే అదే నత్రజని రక్తంలో బుడగలుగా మారి ప్రాణం తీస్తుంది. అందుకే వాళ్లు లోతు, ప్రవాహం, కనుచూపు ముందే తెలుసుకుంటారు. ఆ చోటు అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాడికి సరిపోతుందా అని చూస్తారు, మేటివాడికి సరిపోతే చాలదు. ఇంకో నియమం నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. జట్టులో ఎవరైనా సరే, ఏ క్షణంలోనైనా సరే, కారణం చెప్పకుండానే “నేను దిగను” అనవచ్చు. అంటే ఆ రోజుకు ఆ మునక ఆగిపోతుంది. ఎవరూ తప్పుపట్టరు.

రాయల్ వశిష్ఠలో అలా అనగలిగినవాళ్లు ఎవరు? టికెట్టు కొన్నవాడు బోటు నడిచే నదిని నమ్మడు, నడిపించేవాడిని నమ్ముతాడు. కడిపికొండ మనిషికి ఐదు లక్షల క్యూసెక్కులంటే ఏమిటో తెలియాల్సిన పని లేదు. తెలియాల్సినవాళ్లు వేరే ఉన్నారు. అప్పటికే రెండు హెచ్చరికలు వచ్చి పోయాయి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో ఒంగోలు నుంచి వచ్చిన యాత్రికులతో పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. 2018 మే నెలలో ఇదే దేవీపట్నం మండలంలో, ఇదే గోదావరిలో, గాలివానకు లాంచీ మునిగింది. పదహారు నెలలకు కచ్చులూరు.

మునిగిన బోటును వెతకడానికి వచ్చినవాళ్ల తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. జాతీయ విపత్తు దళం వచ్చింది, నావికాదళం వచ్చింది. సోనార్‌తో వెతికితే బోటు రెండు వందల అడుగులకు పైగా లోతులో ఉన్నట్టు తేలింది. అంటే అరవై మీటర్లకు పైన. పైనున్న గాలి ఒత్తిడితో కలిపి ఏడు వాతావరణాల ఒత్తిడి, పైన సుడి, లోపల బురదనీటి చీకటి. అక్కడ గజ ఈతగాళ్లను దింపడం కుదరదని నిర్ణయించారు. గట్టున కన్నీళ్లతో కూర్చున్న కుటుంబాలకు ఆ మాట ఎంత కఠినంగా తోచి ఉంటుందో. అయినా అది సరైన మాట. చనిపోయినవాళ్లను తేవడానికి బతికున్నవాళ్లను పోగొట్టుకోకూడదన్న వివేకం అందులో ఉంది. బతికున్నవాళ్లు బోటెక్కే పొద్దున ఆ వివేకంలో పావువంతు ఉన్నా చాలు కదా అనిపించి గుండె మండుతుంది.

తర్వాత బోటును బయటికి తీసే పని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం చేతికొచ్చింది. ఇనుప తాళ్లు, లంగర్లు, పొక్లెయిన్ పట్టుకొచ్చారు. మొదటి ప్రయత్నాల్లో తాడు తెగింది, లంగరు బండకు చిక్కింది, మళ్లీ వరద పెరిగి పని ఆగింది. అక్టోబరు నడుమ మళ్లీ మొదలుపెట్టారు. నీళ్లు తగ్గేదాకా ఆగారు. బోటును లంగరుతో పట్టి కొంచెం కొంచెంగా లోతు తక్కువున్న ఒడ్డువైపుకు జరిపారు. అప్పుడు గాని విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీళ్లలో దిగలేదు. దిగి, బోటుకు తాళ్లు బిగించి పైకొచ్చారు. అక్టోబరు 22న, మునిగిన ముప్పై ఎనిమిదో రోజున, రాయల్ వశిష్ఠ చీకిపోయి, నలిగి ఒడ్డుకు చేరింది. లోపల ఇంకా మృతదేహాలు ఉన్నాయి. ఆ డైవర్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఆ ఏడు నవంబరులో ప్రభుత్వం బోట్ల కోసం కంట్రోల్ రూములు కట్టడానికి పూనుకుంది. వరద ఎంతుందో చూసి బోటును వదలాలా ఆపాలా అని అక్కడే తేల్చాలని, జాకెట్లు వేసుకున్నారో లేదో అక్కడే చూడాలని నిర్ణయం. అక్కడ కూర్చునే ఉద్యోగి తాడు కొస పట్టుకున్న చిన్నాయన లాంటివాడు. టికెట్లు అమ్ముడైపోయాక, జనం మెట్ల మీద బారులు తీరాక, పండగపూట “ఇయ్యాల వద్దు” అనాల్సినవాడు. అతనికి ఆ మాట అనగల ధైర్యం ఉండాలి. అన్నాక అతని వెనక అధికారులు నిలబడాలి.

కడిపికొండలో తొమ్మిది మంది లేని ఇళ్లున్నాయి. రఘునాథపల్లి నుంచి, జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి జనం ఇప్పటికీ రైలెక్కి గోదావరి చూడటానికి పోతూనే ఉన్నారు. పోవాలి కూడా. రేవులో దిగినప్పుడు నీళ్లు ఎంత వస్తున్నాయని అడగాలి. చెప్పకపోతే ఎక్కకూడదు.