నడుంనొప్పికి సూదులు: నిజం సూది, ఉత్తుత్తి సూది కథ

మన సిక్కోలు జిల్లా ఉద్దానంలో "క్రియాటినిన్ ఎంతుంది?" అంటే చదువుకోనోళ్లకి కూడా అర్థమైపోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... ఇంటింటా కిడ్నీ భయమే. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పొద్దంతా వంగి పనిచేసేవాళ్లకి నడుంనొప్పి మామూలే. కానీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు, దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. మరి నొప్పికి ఏం చెయ్యాలి? అప్పుడు ఎవరో ఒకరు "సూదుల వైద్యం చేయించండి" అంటారు. అది పనిచేస్తుందా?

ముందు కథ చూద్దాం. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకి మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. అందులో కోట్నిస్ 1942లో అక్కడే చనిపోయారు. ఇంకొకాయన బిజయ్ కుమార్ బసు. ఈయన 1958లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టారు. మన పలాస మీదుగా పోయే హౌరా లైన్ ఆ చివరన అన్నమాట!

1971లో అమెరికా జర్నలిస్టు జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. తర్వాత కడుపు ఉబ్బరానికి సూదులు పెట్టారు. ఆయన రాసిన వ్యాసంతో ప్రపంచమంతా హోరెత్తింది. "సూదులతోనే ఆపరేషన్ చేశారు" అని ఇప్పటికీ కొందరు చెప్తారు. అది తప్పు. ఆపరేషన్‌కి ఇచ్చింది మామూలు మత్తుమందే.

ఇక అసలు చిక్కు. నడుంనొప్పి దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం వైద్యానికి వెళ్తాం. తర్వాత తగ్గితే అది సూది గొప్పా, రోజులు గడవడమా? తేల్చాలంటే ఉత్తుత్తి సూది కావాలి. 1998లో జర్మనీ డాక్టర్లు ఒకటి తయారుచేశారు. నాటకంలో కత్తిలా, నొక్కితే సూది పిడిలోకి పోతుంది, చర్మంలో దిగదు. పేషెంటుకి మాత్రం గుచ్చినట్టే ఉంటుంది.

2007లో జర్మనీలోనే 1,162 మంది నడుంనొప్పి పేషెంట్లతో పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకి సరైన చోట సూదులు. రెండో గుంపుకి ఏ పాయింటూ లేనిచోట పైపైన సూదులు. మూడో గుంపుకి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మెరుగైనవాళ్లు: మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2, మూడో గుంపులో 27.4.

చూశారా? సూదులు పెట్టించుకున్నోళ్లకి మేలు జరిగింది. కానీ ఎక్కడ గుచ్చారన్నది దాదాపు తేడా చూపలేదు. 2018లో 39 పరీక్షలు, 20,827 మంది లెక్కలు కలిపి చూస్తే, దీర్ఘకాలిక నొప్పుల్లో నిజం సూది కొంచెం మెరుగే అని తేలింది. అయితే ఆ తేడా చిన్నది. నమ్మకం, ఓపిగ్గా చూసుకునే మనిషి, అరగంట విశ్రాంతి, వీటికీ మేలులో వాటా ఉండొచ్చు.

2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. గుర్తింపు వేరు, ప్రతి జబ్బుకీ పనిచేస్తుందన్న రుజువు వేరు. "సూదులతో కిడ్నీ బాగుచేస్తాం, డయాలసిస్ అక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. దానికి గట్టి రుజువు లేదు. డయాలసిస్ మానేస్తే ప్రాణానికే ముప్పు.

కాబట్టి మీ అమ్మమ్మ నొప్పికి సూదులు పెట్టించుకుంటానంటే గొడవపడకండి. ముందు కిడ్నీ డాక్టర్‌కి చెప్పండి. చెయ్యి తిరిగిన మనిషేనా, ప్రతిసారీ కొత్త సూది వాడుతున్నారా చూసుకోండి. పాత సూదితో హెపటైటిస్ అంటుకోవచ్చు. ఎవరైనా "వంద మందికి తగ్గింది" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "దేనితో పోల్చి చూశారండీ?"

మీ ఊళ్లో నొప్పులకి ఏం చేస్తారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.