మెడలో చక్రవర్తి ఉత్తరం, నుదుట రాజద్రోహి ముద్ర: మత్సుదైరా కతమోరి కథ

సమురాయ్ అనగానే మనకి కత్తులే గుర్తొస్తాయి కదా. ఈరోజు నేను చెప్పే కథలో అసలు వస్తువు ఒక చిన్న వెదురు గొట్టం.

1893లో చనిపోయేదాకా కతమోరి దాన్ని మెడలోంచి తీయలేదంటారు. లోపల ఉన్నది కోమే చక్రవర్తి మెచ్చుకుంటూ స్వయంగా రాసిన ఉత్తరం. కానీ దేశం దృష్టిలో కతమోరి ఎవరు? రాజద్రోహి! ఇదెలా జరిగింది?

కతమోరి ఐజు సంస్థానానికి ప్రభువు. ఇలాంటి ప్రభువుల్ని దైమ్యో అంటారు. అప్పట్లో చక్రవర్తి క్యోటోలో ఉన్నా, పెత్తనమంతా ఎడోలోని షోగన్‌ది. ఎడో అంటే ఇప్పటి టోక్యో. 1862 నాటికి క్యోటో వీధుల్లో రాజకీయ హత్యలు మామూలైపోయాయి. నగరాన్ని కాపాడమని షోగన్ ప్రభుత్వం కతమోరిని అడిగింది. సొంత మంత్రులే వద్దన్నారు. కానీ ఐజు వంశ శాసనంలో మొదటి మాటే షోగన్‌కి విధేయత. వెళ్ళాడు. 1863లో చోషు వర్గాన్ని క్యోటో నుంచి తరిమేశాడు. ఆ ఉత్తరం అప్పటిదే.

1867 మొదట్లో కోమే పోయారు. ఏడాది తిరిగేసరికి అంతా తలకిందులు. 1868 జనవరిలో, తోబా-ఫుషిమి దగ్గర సత్సుమా, చోషు సేనలు కొత్త చక్రవర్తి జెండా పట్టుకుని గెలిచాయి. మాజీ షోగన్ యోషినోబు రాత్రికి రాత్రి ఒసాకా కోట వదిలి ఓడెక్కాడు, కతమోరిని కూడా వెంటబెట్టుకుని. సైన్యం వెనకాలే ఉండిపోయింది. నాకు ఆయన మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

యోషినోబు లొంగిపోయి బయటపడ్డాడు. కోపమంతా ఐజు మీద పడింది. ఐజు కోటని నెల రోజులు ముట్టడించారు. ఇమోరి కొండ మీద నుంచి పొగ చూసి, కోట పడిపోయిందనుకుని, 16, 17 ఏళ్ళ కుర్రాళ్ళు 19 మంది ప్రాణాలు తీసుకున్నారు. ఫ్రెండ్స్, కోట అప్పటికింకా పడిపోలేదు!

నవంబర్‌లో కతమోరి లొంగిపోయాడు. ఆయన ప్రాణం దక్కింది. బాధ్యత నెత్తిన వేసుకుని చనిపోయింది మంత్రి కయానో గొన్బే. ఐజు కుటుంబాల్ని ఉత్తరాన తొనామికి పంపేశారు. అక్కడ చలి, ఆకలి. కతమోరి చివరికి నిక్కో తోషోగు మందిరానికి ప్రధాన పూజారి అయ్యాడు.

1928లో ఆయన మనవరాలు సెత్సుకో చక్రవర్తి తమ్ముణ్ణి పెళ్ళాడింది. ఐజు వాళ్ళకి పోయిన పరువు తిరిగొచ్చినట్టయింది.

ఆయన మాట తప్పలేదు, నిజమే. కానీ నన్నడిగితే, ఆ మాటకి ఎక్కువ ధర కట్టింది ఆయన కాదు, ఆ కుర్రాళ్ళు. మీరేమంటారు? కామెంట్‌లో చెప్పండి. ఉంటాను.