కరువు నేలలో చామంతి: నీటి కథ, వెలుతురు కథ

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి మబ్బు ఇక్కడికి చేరేసరికి వట్టిపోయి ఉంటుంది. ఈశాన్య రుతుపవనం బలం చాలావరకు కోస్తాలోనే అయిపోతుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా మనదేనన్న మాట వింటూనే ఇక్కడ తరాలు పెరిగాయి. అలాంటి చోట కార్తీకం వచ్చేసరికి హిందూపురం, మడకశిర వైపు పల్లెల్లో చామంతి మడులు పచ్చగా, తెల్లగా విరగబూస్తాయి. ఈ పూవు ఇక్కడ కుదురుకోవడం వెనుక నీటి చరిత్ర ఒకటుంది, వెలుతురు చరిత్ర ఒకటుంది. నీటి గురించి అందరూ మాట్లాడతారు. మొక్క పొట్టిగా, గుబురుగా, కుండీలో ఇమిడేలా పెరగడానికి అసలు కారణమైన వెలుతురు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పూలు కొని పెట్టుకోవడం ఈ సీమకు కొత్త కాదు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ ఊరి జనానికి గులాబీలు అన్నంతో సమానమని, అవి లేకుండా వాళ్లు బతకలేరని రాశాడు. ఆ తర్వాత 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కూడా అంగళ్లలో గులాబీల అమ్మకాన్ని చూశాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారింది. రాజ్యం కుంచించుకుపోయినా గుడి, జాతర, పెళ్లి ఉన్నంతకాలం పూల బేరానికి లోటు రాలేదు. కదిరి మల్లెలకు నేటికీ ఉన్న పేరు ఆ అలవాటు ఎంత గట్టిదో చెబుతుంది. చామంతి వచ్చి చేరింది పూలను అంతగా ప్రేమించే ఇలాంటి సమాజంలోకే.

మొక్క పుట్టిల్లు చైనా. నాలుగు, అయిదు శతాబ్దాల సంధిలో జీవించిన తావో యువాన్‌మింగ్ అనే కవి కొలువు వదిలేసి, పల్లెకు పోయి, కంచె పక్కన చామంతులు పెంచుకున్నాడు. అక్కడి నుంచి జపాన్ చేరిన పూవు చక్రవర్తి ముద్ర మీదికి ఎక్కింది. ఐరోపాలో నిలదొక్కుకున్నది మాత్రం 1789లో. మార్సెయ్ వర్తకుడు బ్లాంకార్ చైనా నుంచి మూడు రకాలు తెస్తే ఒక్కటే బతికింది. ఆనాటి మోజంతా పెద్ద పూల మీద, నిలువెత్తు మొక్కల మీద. ఆ మోజును మళ్లించినవాడు రాబర్ట్ ఫార్చూన్. చైనా తేయాకు మొక్కలను మన హిమాలయ తోటలకు దాటించిన మనిషే ఇతను. 1846లో అతను చూసాన్ దీవి నుంచి చిన్న చిన్న పూలు పూసే ఒక చామంతిని ఇంగ్లండుకు పట్టుకెళ్లాడు. గుండీల్లాంటి గుండ్రటి పూల రకాలన్నీ ఆ సంతతే. నా మటుకు నాకు చామంతి చరిత్రలో అతి పెద్ద మలుపు ఇదే. రాజుల ప్రదర్శనశాలకు పనికొచ్చే పూవు వేరు, ఇంటిముందు బాట వెంబడి పాదులో పదేళ్లు బతికే పూవు వేరు. ఫార్చూన్ తెచ్చిన చిన్న మొక్క ఈ రెండో దారి తెరిచింది.

మన దేశంలో ఆ దారిన ఎక్కువ దూరం నడిచింది లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థ. అంతకు ముందు తోటమాలికి చామంతి అంటే చాకిరీ. తలలు తుంచాలి, వెదురు పుల్లలు పాతాలి, పురికొసతో కట్టాలి. అక్కడి శాస్త్రవేత్తలు తలలు తుంచకపోయినా గుబురయ్యే, ఊతం లేకుండానే నిలబడే చిట్టి రకాలను తయారుచేశారు. మనకు దగ్గరలో, బెంగళూరు శివారు హెసరఘట్టలో 1967లో మొదలైన భారత ఉద్యాన పరిశోధనా సంస్థ విడిపూల కోసం, కుండీల కోసం వేర్వేరు రకాలు ఇచ్చింది. హిందూపురం నుంచి బెంగళూరు ఓ పూట ప్రయాణం కూడా కాదు. మొక్క అటు నుంచి రావడం, పూవు అటే పోవడం అందుకే అలవాటయ్యాయి.

ఇక వెలుతురు. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయా మొక్కలను పరీక్షించి, పూత పగటి పొడవును బట్టి వస్తుందని తేల్చారు. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ తొడిగే జాతి. లండన్‌లో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది. అది తగ్గి మొక్కకు పూత బుద్ధి పుట్టేసరికి మంచు ముంచుకొస్తుంది. అందుకే అక్కడివాళ్లు వేసవి చివరే పూసే తొందర రకాలను ఏరుకున్నారు. అనంతపురంలో ఏడాదిలో అతి పొడవైన పగలే సుమారు 13 గంటలు. బయటి నుంచి వచ్చిన చాలా రకాలకు ఇది ఏడాది పొడవునా పూత కాలమే. నారు నాటిన కొద్ది వారాలకే, జానెడు ఎత్తుకు కూడా రాకముందే మొగ్గ వేసేస్తాయి. విడిపూలు అమ్ముకునే రైతుకు ఇది నష్టం. కొమ్మలు లేకపోతే దిగుబడి ఎక్కడిది? కుండీలో పెంచేవాళ్లకు మాత్రం ఇంతకంటే వరం లేదు. మందు కొట్టకుండా, కత్తెర పెట్టకుండా మొక్క దానంతట అదే పొట్టిగా నిలుస్తుంది.

ఆ నష్టం పూడ్చుకోవడానికే కర్ణాటక సరిహద్దు పల్లెల్లో రైతులు చామంతి మడుల మీద తీగలు లాగి బల్బులు వేలాడదీస్తున్నారు. నాటిన తొలి వారాల్లో రాత్రి మధ్యలో కొన్ని గంటలు వెలిగిస్తే మొక్కకు అది పొడవైన రాత్రిగా తోచదు. ఆకు మీద ఆకు, కొమ్మ మీద కొమ్మ వేస్తుంది. కావలసినంత గుబురయ్యాక దీపాలు ఆపేస్తారు, ఇక మొగ్గే మొగ్గ. దసరాకో దీపావళికో పూత అందేలా వెనక్కి లెక్క వేసుకుని దీపాలు ఆపే రోజు నిర్ణయిస్తారు. ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక కరెంటు ఖర్చు తగ్గి ఈ పద్ధతి చిన్న రైతు చేతికి అందింది. పరిశోధన పత్రాల్లో పుట్టిన సంగతి అర ఎకరం రైతు చేతిలో పండగ లెక్కగా మారడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

నీటి కథ అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. దిగుడు బావులు ఎండాయి, బోర్లు లోతుకు పోయాయి, వాననే నమ్ముకున్న వేరుశనగ ఏళ్ల తరబడి ఎండుతూ వచ్చింది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం వచ్చాక డ్రిప్ పైపులు ఊరూరికీ చేరాయి. బొట్టు బొట్టుగా పారే ఆ నీటితోనే చామంతి, కనకాంబరం, బంతి చిన్న కమతాలకు ఎక్కాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయ్యాక హిందూపురం, మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న ఆ మండలాల్లో రాత్రి చల్లగా ఉంటుంది. చామంతికి అది బాగా నచ్చుతుంది.

కుండీల విషయానికి వస్తే నాకొక బాధ ఉంది. సంక్రాంతి ముందు కడియం నుంచో బెంగళూరు నుంచో వచ్చే బంతుల్లాంటి కుండీ చామంతులకు చాలావరకు ఎదుగుదలను అణిచే మందులు కొట్టి ఉంటారు. పూత అయిపోగానే జనం వాటిని పెంటలో పారేస్తారు. చామంతి ఏళ్ల తరబడి బతికే మొక్క. వాడిన కొమ్మలను మట్టికి నాలుగు వేళ్ల ఎత్తులో కోసేస్తే మొదలు చుట్టూ లేత పిలకలు లేస్తాయి. ఎండాకాలమంతా పల్చని నీడలో తడి ఆరకుండా కాపాడి, తొలకరికి ఆ పిలకల కొనలు రెండంగుళాల మేర తుంచి ఇసుకలో గుచ్చితే మూడు వారాల్లో వేరు పడుతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన పేడ ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపిన కుండీ చాలు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే వాన నీళ్లు పట్టి ఒకసారి అడుగు నుంచి కారేదాకా పోయాలి. లేకపోతే ఆకుల అంచులు మాడతాయి. తేమ ఎక్కువైతే ఆకుమచ్చ, చలి మొదలయ్యేసరికి పేనుబంక వస్తాయి. రెంటికీ కుండీల మధ్య గాలి ఆడేంత ఎడం ముఖ్యం.

లక్నో చిట్టి రకాలను అక్కడి పగటికి, అక్కడి చలికి ఎంచారు. అక్కడ జూన్ పగలు ఇక్కడికంటే ముప్పావు గంట ఎక్కువ. అదే పని ఈ పీఠభూమి మీద, ఈ బోరు నీటితో, ఈ 13 గంటల పగటిలో ఎవరైనా చేయాలి. నాటు చామంతుల్లో గుబురుగా నిలిచేవాటిని ఏరి, పిలకలు పంచుకుంటూ పోతే దానికి పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. మడకశిర, హిందూపురం పెరళ్లలో ముందు మొదలుపెట్టవచ్చు.