వంశశాపములు – వాసిరెడ్డివారి చరిత్ర

ఒకానొక యింట రెండు మూడు తరములు వరుసగ సంతానము నిలువకపోయినను, ఆస్తి కరగిపోయినను, పడుచువారు అకాలమరణము నొందినను, మనవారు తొలుత చెప్పు కారణము శాపము. "ఆ యింటికి ఎవరి యుసురో తగిలినది" అను మాట తిరువూరు, నందిగామ, జగ్గయ్యపేట పల్లెలలో నెరుగనివా రుండరు. పెండ్లి సంబంధములు వెదకునపు డీ మాట మెల్లగ చెవిని బడును. పడినతోడనే సంబంధము చెడును. విద్యయు, గుణమును గల కన్యకు, తాను పుట్టకమున్నెన్నడో జరిగినదని చెప్పబడు నొక కథ యడ్డువచ్చును. ఇట్టి నమ్మకమునకు మూలమేమో, మన ప్రాంత చరిత్ర దానిని గూర్చి యేమి చెప్పుచున్నదో విచారించుట యీ వ్యాసోద్దేశము.

శాపమను భావము మనకు క్రొత్తది కాదు. నన్నయభట్టారకుని ఆంధ్రమహాభారతమున కథారంభముననే సరమ వృత్తాంతము గలదు. జనమేజయుని తమ్ములు యజ్ఞభూమియందు కుక్కపిల్ల నకారణముగ కొట్టిరి. దాని తల్లియగు సరమ రాజసభకు వచ్చి, దుర్బలులను హింసించువారికి తలవని తలంపుగ ఆపదలు వచ్చునని హెచ్చరించి పోయెను. ఇచట గమనింపదగిన విషయ మొకటి గలదు. సరమ యెవరి రక్తమును నిందింపలేదు. జరిగిన అన్యాయమును నిందించినది. జనమేజయుడును ఆ మాటను తేలికగ త్రోసివేయక, సోమశ్రవసుడను తపస్విని పురోహితునిగ వరించి శాంతికై ప్రయత్నించెను.

సగరపుత్రుల కథయు నిట్టిదే. కపిలముని కోపాగ్నికి వారు భస్మమైరి. తరములు గడచిన పిమ్మట ఆ వంశమున పుట్టిన భగీరథుడు, నాకేమి సంబంధమని యూరకుండక, గంగను దెచ్చి వారిని తరింపజేసెను. అనగా మన పురాణములు శాపమును చెప్పినచోటనే దానిని తీర్చు మార్గమును గూడ చెప్పినవి. జ్యోతిషమున పరాశర హోరయందు సర్ప, పితృ, మాతృ, భ్రాతృ, మాతుల, బ్రహ్మ, పత్నీ, ప్రేత శాపములని యెనిమిది విధములు చెప్పబడి, సంతానహీనతకవి కారణములుగ పేర్కొనబడినవి. లోకులు శాపమును మాత్రము గ్రహించి, తీరుమార్గమును మరచిరి. లేదా దానిని ధనవ్యయముతో ముగియు శాంతిక్రియగ మాత్రమే తలచిరి.

ఇక మన ప్రాంతపు చరిత్రను చూతము. కమ్మ కులమునకు గర్వకారణమైన ప్రభువులలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అగ్రగణ్యులు. 1783లో అధికారమునకు వచ్చి, చింతపల్లి నుండి తమ రాజధానిని అమరావతికి మార్చిన ప్రభువు వీరు. బేతవోలు వీరి తండ్రిగారి పేర జగ్గయ్యపేట యైనది. 1807–09 సంవత్సరములలో మంగళగిరియందు పదునొకండు అంతస్తుల గాలిగోపురమును కట్టించినది వీరే. ఇట్టి దాతను గూర్చియే యొక దారుణమైన జనశ్రుతి గలదు. గ్రామములను దోచుచున్నారని చెంచులను విందునకు పిలిపించి, వారి నెల్లర నరికించెనని చెప్పుకొందురు. చంపబడినవారి సంఖ్య కథకునికొక విధముగ మారుచుండును. అమరావతి చెంతనున్న నరుకుళ్ళపాడు పేరునకు ఆ కథయే కారణమందురు. ఆ పిమ్మట ప్రభువునకు భోజనపాత్రలోని యన్నము పురుగులుగ కనబడెననియు, ఆ పాపశాంతికై అమరేశ్వరుని పాదములను ఆశ్రయించెననియు కథ ముగియును.

నాయుడుగారికి ఔరసపుత్రులు లేరు. ఇద్దరు బాలురను దత్తు చేసికొనిరి. వీరు 1816లో కీర్తిశేషులైరి. మూడు దశాబ్దములు గడువకమున్నే ఆ మహా జమీ చేజారినది. పుత్రహీనతను, ఆస్తినాశమును చెంచుల కథ ప్రక్కన నిలిపిచూచువానికి ఇది వంశశాపమని తోచుట సహజమే. కాని దస్తావేజులు చెప్పు క్రమము వేరు. మొదటి దత్తుడు జీవించియుండగనే రెండవవానిని దత్తు చేసికొనుటచే వారసత్వము వివాదమున బడెను. ఆ వ్యాజ్యము మన కచేరీలు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి, 1846లో గాని తీర్పునకు రాలేదు. మొదటి దత్తుడుండగ రెండవ దత్తత చెల్లదని యా తీర్పు సారము. హిందూ ధర్మశాస్త్ర విద్యార్థులు నేటికిని దానిని పఠింతురు. ఇంతలో 1832–33లో డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టెను. రైతు చచ్చిన పిమ్మట శిస్తు ఎక్కడిది? పేష్కషు బకాయిలు పెరిగెను, అప్పులు పెరిగెను, వ్యాజ్యపు ఖర్చులు పెరిగెను. 1840వ దశకమున జమీ సర్కారు వశమైనది. అదే దురవస్థ గుంటూరు సీమలోని ఇతర జమీందారులకును కలిగినది. వారి కందరకును చెంచుల శాపము తగిలినదని యెవరును చెప్పజాలరు గదా!

అట్లయిన ఆ కథ వ్యర్థమా? కాదు. దాయాదులకు తమ హక్కులకై ప్రీవీ కౌన్సిలు వరకు పోవుటకు దారి గలదు. ఆ కథలోని చెంచుల భార్యలకు, బిడ్డలకు ఏ కచేరీయు లేదు. వారి మొర వినువాడు లేనందున అది జనుల నాలుకపై కథగ నిలిచినది. శాపకథ యన బలహీనుని ఫిర్యాదు. దానినుండి సంతతివారు గ్రహింపవలసినది భయము కాదు, బాధ్యత. పూర్వులు కట్టిన గోపురమును మనదని చెప్పుకొను మనము, పూర్వులపై నున్న నిందను గూడ వినవలయును. పాలేరునకు కూలి యెగవేయుట, విధవరాలగు ఆడపడుచునకు భాగము తప్పించుట మొదలగునవి మన యిండ్లలో లేకుండ చూచుకొనుటయే నిజమైన శాంతి.

తరతరముల వ్యాధులను గూర్చి యొక మాట. 1865లో మెండెల్ అను క్రైస్తవ సన్యాసి బఠానీ మొక్కలపై చేసిన పరిశోధనలను వెల్లడించెను. లోపము తలిదండ్రులలో పైకి కనబడక దాగియుండి బిడ్డలలో బయల్పడుట యెట్లో ఆ మార్గముననే లోకమునకు తెలిసినది. తలిదండ్రు లిరువురును ఒకే లోపమును మరుగుగ మోయుచున్నచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము నాలుగింట నొకటి. తలసేమియా యిట్టిదే. మేనరికములందు, అందును మేనమామ–మేనకోడండ్ర వివాహములందు, రక్తసామ్యము హెచ్చగుటచే నీ యపాయము హెచ్చును. వరుసగ బిడ్డలు పోయిన యింటిని శపితగృహమని వెలివేయుటకంటె, వివాహమునకు ముందు వధూవరులకు రక్తపరీక్ష చేయించుట మేలు. సంతానము లేనిచో కోడలిని మాత్రమే దూషించుటయు తగదు. లోపము పురుషునియందును ఉండవచ్చునని వైద్యులు స్పష్టముగ చెప్పుచున్నారు.

కావున సోదరీ సోదరులారా! సంబంధము కుదుర్చుకొనునపుడు ఆ యింటివారి నడవడిని విచారింపుడు, ఆరోగ్యమును విచారింపుడు, అప్పులను విచారింపుడు. ఎవరి యుసురో తగిలినదను మాట విని నిరపరాధియగు కన్యను నిరాకరింపకుడు. అట్లు నిరాకరింపబడిన పిల్ల కన్నీరు మాత్రము నిజమైన యుసురు. అది మన సంఘమునకు తగులకుండుగాక!