'కాపరి' పదం – కాపుదల భావన: బారువ తీర నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ ఒకప్పటి ఓడరేవు. మహేంద్రగిరి కొండల నుండి దిగివచ్చే మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. కొబ్బరి, జీడిమామిడి తోటలు, చేపలవేట ఈ ఉద్దానం తీరానికి జీవనాధారాలు. గొర్రెల మందలను తోలుకొని మేతకోసం దూరప్రాంతాలు తిరిగే జీవితం ఇక్కడి అధికసంఖ్యాకుల అనుభవం కాదు. అయినా ఈ తీరంలోని క్రైస్తవ కుటుంబాల ప్రార్థనలో దేవునికి గల పేర్లలో 'కాపరి' ముఖ్యమైనది. గొర్రెపిల్లను భుజాన మోస్తున్న క్రీస్తు చిత్రం తెలుగు క్రైస్తవుల ఇళ్లలో సుపరిచితమైనది.

పశ్చిమాసియా మేతభూముల్లో పుట్టిన ఈ ప్రతీక తోటలు, వలలు ఆధారంగా బతికే తెలుగు తీరంలో ఎలా నిలిచింది? ఈ ప్రశ్నకు మతప్రచార చరిత్ర ఒక్కటే సమాధానం కాజాలదు. ప్రతీకను మోసిన తెలుగు పదాన్ని కూడా పరిశీలించాలి. మూలభాషలో మేతకు ప్రాధాన్యమిచ్చిన భావన తెలుగులోకి వచ్చేసరికి కాపుదలకు ప్రాధాన్యమిచ్చేదిగా మారిందనీ, ఆ మార్పే దానిని తెలుగు శరణాగతి సాహిత్యానికి చేరువ చేసిందనీ, అదే సమయంలో కాసేవాడి బాధ్యతను ప్రశ్నించే అవకాశాన్ని కూడా ఇచ్చిందనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

ప్రతీక మూలం

ప్రాచీన పశ్చిమాసియాలో కాపరి అనేది రాజుకు చెల్లిన బిరుదు. బాబిలోనియా రాజు హమ్మురాబి తన శాసన సంహిత పీఠికలో తనను కాపరిగా చెప్పుకొన్నాడు. హెబ్రీ గ్రంథాలు ఈ బిరుదును దేవునికి అన్వయించాయి. దావీదు పేరిట ప్రసిద్ధమైన ఇరవై మూడవ కీర్తనలో భక్తుడు తనను మందలోని గొర్రెగా భావించుకొంటాడు. అయితే ఆ కీర్తన ఉత్తరార్ధంలో ప్రతీక మారిపోతుంది. పచ్చిక, నీరు, లోయ వెనక్కి తగ్గి భోజనపు బల్ల, తలకు నూనె, నిండిన గిన్నె ముందుకు వస్తాయి. అంటే పూర్వార్ధంలో కాపరిగా ఉన్న దేవుడు ఉత్తరార్ధంలో ఆతిథ్యమిచ్చే గృహస్థు అవుతాడు.

కొత్త నిబంధనలో ఈ భావన రెండు దిశల్లో విస్తరించింది. మత్తయి, లూకా సువార్తల్లో తప్పిపోయిన ఒక్క గొర్రెకోసం మిగిలినవాటిని విడిచి వెళ్లే కాపరి ఉపమానం ఉంది. యోహాను సువార్త పదవ అధ్యాయంలో మందకోసం ప్రాణమిచ్చే మంచి కాపరిగా క్రీస్తు తనను చెప్పుకొంటాడు. మొదటివాడు వెదికే కాపరి, రెండవవాడు ప్రాణమిచ్చే కాపరి.

తెలుగులో ఈ రెండింటి ముద్రణకాలాలు వేరు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు సహాయంతో డెగ్రాంజెస్ చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. కొత్త నిబంధన పూర్తిగా తెలుగులో వెలువడింది 1818లో. కాబట్టి ఉత్తర కోస్తాలో చేసిన ఆ తొలి అనువాదపు పాఠకుడికి ముందుగా అందినవాడు వెదికే కాపరి. యోహాను సువార్తలోని కాపరి తరువాత వచ్చాడు.

పదం – వ్యుత్పత్తి, అర్థపరిధి

హెబ్రీ భాషలో కాపరిని సూచించే 'రోయె' అనే పదం మేపడం అనే అర్థంగల ధాతువు నుండి ఏర్పడింది. లాటిన్ 'పాస్టర్' పదానికీ మేపడమే మూలార్థం. ఆంగ్లంలోని 'షెపర్డ్' పదంలో గొర్రె అనే అర్థం విడదీయరాకుండా ఉంది. తెలుగు 'కాపరి' నిర్మాణం వీటికి భిన్నమైనది. 'కాచు' ధాతువు నుండి 'కాపు', దానిపై 'అరి' ప్రత్యయం చేరి 'కాపరి' ఏర్పడింది. నేర్పు గలవాడు నేర్పరి అయినట్లే కాపు గలవాడు కాపరి. ఈ పదంలో గొర్రె లేదు, మేత లేదు. ఉన్నది రక్షణ మాత్రమే. గొర్రెను చెప్పదలచినప్పుడు 'గొర్రెల కాపరి' అని విశేషణం చేర్చవలసి వస్తుంది.

దీని ఫలితం గణనీయమైనది. నూట ఇరవై ఒకటవ కీర్తన దేవుణ్ణి నిద్రపోని రక్షకుడిగా వర్ణిస్తుంది. హెబ్రీలో ఆ రక్షకుణ్ణి సూచించే 'షోమేర్' పదానికీ, ఇరవై మూడవ కీర్తనలోని 'రోయె' పదానికీ ధాతుసంబంధం లేదు. తెలుగులో ఒకచోట 'కాపరి', మరొకచోట 'కాపాడువాడు' అని రావడంతో రెండూ ఒకే ధాతువు కిందికి చేరాయి. మూలంలో వేర్వేరుగా ఉన్న రెండు చిత్రాలు తెలుగు పాఠకుడి మనస్సులో ఒకే మూర్తిగా కలిశాయి. ఇరవై మూడవ కీర్తన చివర వచ్చే 'కృపాక్షేమములు' అనే సమాసం కూడా ఈ దిశలోనే పనిచేసింది. మూలంలో 'మేలు' అనే సామాన్యార్థంగల పదానికి తెలుగులో 'క్షేమం' వచ్చింది. యోగక్షేమాలు అన్నప్పుడు యోగం లేనిదాన్ని పొందడమనీ, క్షేమం ఉన్నదాన్ని కాపాడుకోవడమనీ సంప్రదాయ వివరణ. ఆ విధంగా అనువాదంలో మరోసారి కాపుదల అర్థమే బలపడింది.

ఉద్దానంలో ఈ పదం ఎందుకు పరాయిది కాలేదో దీనివల్ల స్పష్టమవుతుంది. మందను తోలే మనిషిని ఎరగని కుటుంబానికైనా తోటకు కాపలా ఉండే మనిషి తెలుసు. కాపలా, కావలి, కాపుదల అనేవి నిత్యవ్యవహారంలోని మాటలు. చెట్టు కాయలు కాయడాన్ని కూడా 'కాపు' అనే అంటారు. అర్థం వేరైనా కొబ్బరితోటల సీమలో ఈ మాటకు గల చనువు చిన్నది కాదు. ఈ తీరపు శ్రోత 'కాపరి' అనే మాట విన్నప్పుడు పచ్చికబయలుకంటే ముందు రాత్రివేళ మేలుకొని ఉండే మనిషి స్ఫురించే అవకాశం ఎక్కువ.

భక్తిసాహిత్య పూర్వరంగం

మందను కాసే దైవం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. శైవంలో జీవుడు పశువు, శివుడు పతి, బంధం పాశం. వైష్ణవంలో కృష్ణుడు గోపాలుడు. గోవర్ధనోద్ధరణ ఘట్టంలో అతడు గోవులను, గోపకులను వానబారి నుండి కాపాడతాడు. పోతన గజేంద్రమోక్షం ఆపన్నుడి మొరకు తక్షణం కదిలివచ్చే రక్షకుణ్ణి తెలుగువారి సామూహిక స్మృతిలో నిలిపింది. కాబట్టి క్రైస్తవం తెచ్చిన కొత్తదనం దేవుణ్ణి పశుపాలకుడిగా చూపడంలో లేదు. పశుపతి పాశాన్ని తెంచుతాడు, గోపాలుడు కొండనెత్తుతాడు, గజేంద్రవరదుడు చక్రాన్ని ప్రయోగిస్తాడు. యోహాను సువార్తలోని కాపరి తానే ప్రాణం కోల్పోతాడు. రక్షణ శక్తివల్ల గాక త్యాగంవల్ల సిద్ధించడం ఇక్కడి విశేషం.

పురుషోత్తమ చౌదరి కీర్తనలు

ఈ రెండు ధారల సంగమాన్ని చూడదగిన కవి ఈ ప్రాంతానికే చెందినవాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి సమీపంలోని మదనాపురంలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. 1833లో క్రైస్తవం స్వీకరించాడు. అతని కాలంలో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట, బారువలన్నీ గంజాం సీమలోని భాగాలే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, సోంపేట, టెక్కలి ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమయ్యాయి. తెలుగు, ఒడియా, బెంగాలీ, సంస్కృతాలు ఒరుసుకొనే ఈ సరిహద్దు వాతావరణం అతని భాషలో ప్రతిఫలించడం సహజం.

చౌదరి రచనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనం ద్వారా వివిధ క్రైస్తవ సంఘాల ఆరాధనలో నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ సంకలనంలో కీర్తనలకు రాగతాళ నిర్దేశం ఉండటం తెలుగు సంకీర్తన సంప్రదాయంతో గల బంధుత్వాన్ని తెలుపుతుంది. 'త్రాహిమాం క్రీస్తునాథ', 'నీ చరణములే నమ్మితి' అనే కీర్తనల పేర్లే అతని దృక్పథాన్ని పట్టిస్తాయి. 'త్రాహి మాం' అనేది స్తోత్రవాఙ్మయంలో స్థిరపడిన శరణాగతి వాక్యం. దానికి 'నన్ను కాపాడు' అని అర్థం. 'నాథ' శబ్దానికీ దిక్కు, రక్షకుడు అనే అర్థాలున్నాయి. దిక్కులేనివాణ్ణి అనాథ అనడం ఇందువల్లనే. చరణాలను నమ్మడం అనేది భక్తుడు తనకు వేరే ఆధారం లేదని ప్రకటించే పద్ధతి.

ఈ పేర్లలో గొర్రె గాని మంద గాని లేవు. అయినా కాపరి భావనలోని సారాంశమంతా వీటిలో ఉంది. ఆశ్రితుడు నిస్సహాయుడు, ఆశ్రయమిచ్చేవాడు సమర్థుడు, ఇద్దరి మధ్య బంధం నమ్మకం. గ్రంథానువాదం 'కాపరి' పదంతో ఏ కాపుదలను తెలుగులోకి తెచ్చిందో, చౌదరి దాన్నే 'త్రాహి', 'నాథ' శబ్దాలతో కీర్తనలోకి తెచ్చాడు. రెండు మార్గాలూ రక్షణార్థం వద్ద కలిశాయి. మేతార్థమే ప్రధానంగా నిలిచి ఉంటే ఈ కలయిక ఇంత సులభమయ్యేది కాదు.

జీతగాడు – గొర్రె: ఒక సామాజిక సమస్య

ఇంతవరకు చూసినది సామరస్యం. ఈ ప్రతీక తెలుగు సమాజంలో ఎదుర్కొన్న చిక్కు కూడా గమనించదగినది. యోహాను సువార్తలో మంచి కాపరికి ప్రతిగా నిలిచేవాడు జీతగాడు. తోడేలు వచ్చినప్పుడు గొర్రెలు తనవి కానందున అతడు పారిపోతాడు. తెలుగు అనువాదం వాడిన 'జీతగాడు' అనే పదం పల్లెల్లో ఒక నిర్దిష్ట సామాజిక స్థానానికి పేరు. ఉత్తరాంధ్రలో 'కంబారి' అని పిలిచేది అతడినే. తెలుగునేలపై 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో క్రైస్తవం విస్తరించింది ఎక్కువగా దళిత కుటుంబాల్లో. ఇతరుల పశువులను జీతానికి కాసిన అనుభవం ఆ కుటుంబాలకు కొత్త కాదు. అంటే సువార్త నిందించిన స్థానంలో ఉన్నవారే సువార్త శ్రోతలయ్యారు.

ఈ వైరుధ్యానికి సమాధానం ఆ ఉపమానంలోనే ఉంది. అక్కడ తప్పు జీతం తీసుకోవడం కాదు, ఆపదలో విడిచిపెట్టడం. పైగా ఊరి వ్యవస్థలో యజమానికోసం జీతగాడు కష్టపడతాడు, ప్రాణం మీదికి తెచ్చుకొంటాడు. ఉపమానంలో మంద సొంతమైన యజమానే ప్రాణమిస్తాడు. ఊరిలోని క్రమం ఇక్కడ తలకిందులైంది. జీతగాడిగా బతికిన శ్రోత తనను కాపరి స్థానంలో గాక గొర్రె స్థానంలో నిలుపుకొన్నప్పుడు, అతనికి ఇంతవరకు దొరకని యజమాని దొరుకుతాడు.

అయితే గొర్రె స్థానం కూడా తెలుగులో గౌరవప్రదమైనది కాదు. ఆలోచన లేకుండా ఒకరి వెంట ఒకరు పోవడాన్ని 'గొర్రెదాటు' అంటారు. 'గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది' అనేది ప్రసిద్ధమైన సామెత. సువార్తలో గొర్రె తన కాపరి స్వరాన్ని గుర్తుపడుతుంది, సామెతలో గుర్తుపట్టలేక మోసపోతుంది. ఈ రెండు దృష్టులనూ ఎదురెదురుగా నిలిపితే, నమ్మకం సరిపోదు, నమ్మదగినవాణ్ణి గుర్తించే వివేకం కావాలన్న అర్థం వస్తుంది. యోహాను సువార్త స్వరాన్ని ఎరగడం గురించి నొక్కిచెప్పడంలో ఉద్దేశమూ ఇదే. కాబట్టి సామెత ప్రతీకను ఖండించదు, దానికి షరతు విధిస్తుంది.

సంఘకాపరి – కాపుదలకు కొలమానం

తెలుగు క్రైస్తవంలో దేవుని పేరైన 'కాపరి' మనిషికీ పదవీనామమైంది. సంఘాన్ని నడిపే బోధకుడు 'సంఘకాపరి'. దీనివల్ల పదవికి గౌరవం వచ్చినంతగా బాధ్యతా వచ్చింది. యెహెజ్కేలు గ్రంథం ముప్పై నాలుగవ అధ్యాయం మందను మేపక తమనే మేపుకొన్న కాపరులను తీవ్రంగా అభిశంసిస్తుంది. 'కంచే చేను మేసినట్లు' అనే తెలుగు నానుడి సరిగ్గా ఇదే నేరాన్ని చెబుతుంది. కాయడమే పేరుగా గలవాడు కాయకపోతే ఆ పేరే అతనిపై సాక్ష్యం చెబుతుంది.

కెనడా బాప్టిస్టు మిషన్ ఈ ప్రాంతంలో చేసిన వైద్యసేవను ఈ కోణంలో పరిశీలించవచ్చు. 1875 నుండి ఉత్తర కోస్తాలో పనిచేసిన కెనడా బాప్టిస్టులు బారువకు సమీపంలోని సోంపేటలో వైద్యశాల నడిపారు. అక్కడ నేత్రవైద్యం చేసిన డాక్టర్ బెన్ గలిసన్ కెనడాలోని కాల్గరీకి చెందిన ఆర్ట్ జెంకిన్స్‌ను సహాయం అర్థించడం 1963లో 'ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్' సంస్థ ఆవిర్భావానికి దారితీసింది. ఒక తీరప్రాంతపు చిన్న పట్టణంలో మొదలైన అర్థింపు అనేక దేశాల్లో అంధత్వ నివారణకు పనిచేసే సంస్థగా పెరిగింది. తప్పిపోయిన గొర్రెను వెదికే కాపరి ఉపమానానికి ఇది ఆచరణలోని వ్యాఖ్యానం. కాపుదల ఇక్కడ భావన స్థాయిని దాటి పని అయింది.

కాపుదల ప్రశ్న ఈ తీరంలో నేటికీ సజీవమైనది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది. ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. ఇటువంటి చోట 'దేవుడు కాపరి' అనడం ఆపదలు రావని చెప్పడం కాజాలదు. ఇరవై మూడవ కీర్తనలోనూ చీకటిలోయ తొలగిపోదు. లోయలో తోడు ఉంటుందనేదే అక్కడి నమ్మకం. ఆ తోడును మనుషులు మనుషులకు అందించకపోతే మాట మాటగానే మిగులుతుంది.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగు 'కాపరి' పదం మేతకంటే కాపుదలను ప్రధానం చేయడంవల్ల మూలంలో వేరుగా ఉన్న దైవచిత్రాలను ఏకం చేసింది, పశుపాలకులు కాని ఉద్దానం ప్రజలకూ చేరువైంది. రెండు, ఈ అర్థపరిణామం పురుషోత్తమ చౌదరి వంటి కవుల శరణాగతి పరిభాషతో సమన్వయం పొందింది. అందువల్ల ఉత్తర కోస్తా క్రైస్తవ కీర్తనను విదేశీ భావాల తెలుగుసేతగా గాక తెలుగు భక్తిసాహిత్యంలోని ఒక శాఖగా అధ్యయనం చేయడం సమంజసం. మూడు, జీతగాడు, గొర్రె అనే పదాల సామాజికార్థాలు ఈ ప్రతీకను నిర్వివాదంగా ఉండనీయలేదు. కాపాడబడేవారు ఎవరు, కాపాడుతున్నానని చెప్పుకొనేవారు ఎవరు అనే ప్రశ్నను అవి ప్రతీకలోనే నిలిపాయి. కాపరి అనే మాటకు తెలుగులో ఉన్న బలం అది ఇచ్చే భరోసాలో ఎంత ఉందో, మోపే బాధ్యతలోనూ అంతే ఉంది.